ఊర్వశి శారద

గుంటూరు సీమ అనగానే పత్తిచేలు, ఎర్రని మిరప కల్లాలు కన్నుల ముందు నిలుస్తాయి. ఆ సీమలోని తెనాలికి మాత్రం నాటకరంగం వల్ల ప్రత్యేకమైన కీర్తి లభించింది. ఆ పట్టణంలో 1945 జూన్ 25న సరస్వతీదేవి జన్మించారు. బాల్యంలోనే మద్రాసు చేరి నాట్యం అభ్యసించారు. పదేళ్ల ప్రాయంలో ‘కన్యాశుల్కం’ (1955) చిత్రంలో బాలనటిగా తెరపై కనిపించారు. గురజాడ నాటకానికి అది చిత్రరూపం. అందులో మధురవాణి పాత్రధారిణి సావిత్రి సైతం గుంటూరు జిల్లా ఆడపడుచే కావడం విశేషం.

బాలతారలకు యౌవనం కఠిన పరీక్ష. పసితనపు ముద్దుమాటలకు మురిసిన ప్రేక్షకులే ఎదిగిన ముఖాన్ని కొత్తగా చూస్తారు. సరస్వతీదేవి ‘శారద’గా పేరు మార్చుకొని (రెండూ వాగ్దేవి నామాలే కదా!) ‘ఇద్దరు మిత్రులు’ (1961) చిత్రంతో గుర్తింపు పొందారు. అయితే ఆమె ప్రతిభను నిండుగా వెలికితీసిన పాత్రలు మొదట లభించింది మలయాళంలో.

‘తులాభారం’ (1968) అటువంటి చిత్రం. దారిద్ర్యానికి తాళలేక బిడ్డలకు విషమిచ్చి, తాను మాత్రం బ్రతికి, న్యాయస్థానంలో నిందితురాలిగా నిలిచిన తల్లి పాత్ర అది. జాతీయ ఉత్తమ నటి పురస్కారాన్ని ఆనాడు ‘ఊర్వశి’ అని వ్యవహరించేవారు. దానిని తొలుత నర్గీస్ పొందగా, ఆ మరుసటి ఏటి చిత్రాలకుగాను శారద అందుకున్నారు. తమిళ, తెలుగు, హిందీ భాషలలోనూ ఆ పాత్రను ఆమే పోషించారు. తెలుగు చిత్రం ‘మనుషులు మారాలి’ (1969).

అడూర్ గోపాలకృష్ణన్ తొలి కథాచిత్రం ‘స్వయంవరం’ (1972) ఆమెకు రెండవ ఊర్వశిని తెచ్చింది. భర్తను కోల్పోయి పసిబిడ్డతో మిగిలిన సీత, చివరి దృశ్యంలో మూసిన తలుపు వైపు చూస్తూ ఉండిపోతుంది. అక్కడ సంభాషణ లేదు. ఆ చూపులోనే భయమూ, ప్రశ్నా, నిశ్చయమూ కలగలిసి ఉన్నాయి. అదే దర్శకుని ‘ఎలిప్పత్తాయం’ (1981)లో అన్నగారి సేవలో మౌనంగా క్షీణించే రాజమ్మగా ఆమె నటించారు. ఆ చిత్రం 1982లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారి సదర్లాండ్ ట్రోఫీని గెలుచుకొంది. కన్నీటి పాత్రల నటిగానే ఆమెను తలచేవారు ఈ రెండు చిత్రాలను తప్పక చూడాలి.

తెలుగులోనూ ‘శారద’ (1973), ‘బలిపీఠం’ (1975) వంటి చిత్రాలు ఆమెకు ఖ్యాతి తెచ్చాయి. బి.ఎస్. నారాయణ దర్శకత్వం వహించిన ‘నిమజ్జనం’ ద్వారా మూడవ పర్యాయం జాతీయ పురస్కారం లభించింది. ఈసారి మాతృభాషా చిత్రానికి! మరి కొన్నేళ్లకు, 1996లో, తెలుగుదేశం పక్షాన తెనాలి నియోజకవర్గం నుండే ఆమె లోక్‌సభకు ఎన్నికయ్యారు.