రెండు తీగల సంభాషణ

మూసీనది దక్షిణపు టొడ్డుననున్న మలక్‌పేటలో పెద్దవాన కురిసిన రాత్రి రైలువంతెన క్రింది మార్గము చెరువగుటయు, మూసారాంబాగ్ వంతెన మునిగి అంబర్‌పేటకు దారి తెగుటయు అచటివారు పలుమారు చూచినవే. 2020 అక్టోబరు 13 నాటి కుంభవృష్టికి హైదరాబాదు వీధులలో కార్లు వరదనీట కొట్టుకొనిపోయిన దృశ్యమును దేశమంతయు చూచినది. అట్లు నానిన కారునుండి నీరు తోడి, సీట్లు ఆరవేసి, ఇంజను ఆయిలు మార్చి, ఇంజను మ్రోగగానే గండము గడచినదని యజమాని ఊరడిల్లును. కాని కొన్ని వారములు గడచిన పిదప ఒకనాటి యుదయమున మీటరు ముళ్లన్నియు పడిపోయి, బ్రేకు దీపము, స్టీరింగు దీపము, ఇంజను దీపము ఒక్కపెట్టున వెలిగి, తాళము త్రిప్పినను బండి ఉలుకక పలుకక నిలిచిపోవును. మెకానిక్కు స్కానరు తగిలింపగా యు0100 అను కోడు కనబడును. ఇంజనును నడుపు ఇసిఎంతో సంభాషణ తెగిపోయినదని దాని భావము. «ఇసిఎం పోయినది, మార్చవలసినదే» అను తీర్పు వెంటనే వెలువడును. ఆ తీర్పు పెక్కుమార్లు తొందరపాటని నా దృఢవిశ్వాసము. మాట వినరానప్పుడు ముందుగా పరీక్షింపవలసినది మాట నడచు త్రోవను.

ఆ త్రోవకు క్యాన్ బస్సు అని పేరు. కార్లలో ఇంజనుకొక ఎలక్ట్రానిక్ పెట్టె, బ్రేకుల కొకటి, గేరుల కొకటి చొప్పున చేరుచున్న కాలమున, ఒక్కొక్క వార్తకు ఒక్కొక్క తీగ చొప్పున లాగుచు పోగా వైరింగు కట్ట దినదినము లావెక్కి, బరువునకును వ్యయమునకును మేర లేకుండెను. జర్మనీలోని బాష్ సంస్థ 1983లో ఈ చిక్కునకు పరిష్కారము వెదకుట కారంభించెను. ఉవే కీంకే, జీగ్‌ఫ్రీడ్ డైస్, మార్టిన్ లిట్షెల్ అను ముగ్గురు తమ ఫలితమును 1986 ఫిబ్రవరిలో డెట్రాయిట్ నగరమున మోటారు ఇంజనీర్ల మహాసభయెదుట నుంచిరి. మరుసటి యేడు ఇంటెల్ సంస్థ దానికి తొలి చిప్పును చేసెను. 1990 దశాబ్దపు ఆరంభమున మెర్సిడెస్ బెంజ్ పెద్దకార్లలో ప్రవేశించి, 1993లో అంతర్జాతీయ ప్రమాణముగా స్థిరపడిన ఆ పద్ధతియే నేడు మన వీధులలోని సామాన్యపు కార్లలో సైతము నడచుచున్నది.

దాని నిర్మాణమును తలచినకొలది నాకు ఆశ్చర్యము పెరుగుచున్నది. ఒకదానినొకటి మెలివేసుకొనిన రెండు తీగలు. వానిని అనుసరించి తగిలియున్న ఎలక్ట్రానిక్ పెట్టెలు, అనగా మాడ్యూళ్లు, అన్నియు సమానములే, వానిలో ఆజ్ఞాపించు అధిపతి లేడు. మౌనముగా నున్నప్పుడు రెండు తీగలును 2.5 వోల్టుల యొద్ద నుండును. పలుకునప్పుడు ఒకటి 3.5కు లేచి, రెండవది 1.5కు దిగును. వినువాడు గ్రహించునది ఆ రెంటి యంతరమును మాత్రమే గావున, స్పార్కు ప్లగ్గుల రొద రెండు తీగలమీదను సమముగా పడి తనంతట తాను రద్దగును. తీగలకు మెలి పెట్టుట అందులకే. ఇద్దరొక్కసారి మాటలాడబోయినచో మలక్‌పేట మహబూబ్ మాన్షన్ మార్కెట్టులోని వేలమున పెద్దపాట పాడినవానికి తక్కినవారు దారి విడిచినట్లు, ఇచట చిన్న సంఖ్యగల సందేశమునకు తక్కినవి తప్పుకొనును. గెలిచిన సందేశములో ఒక్క అక్షరమైనను చెడదు. అన్నిటికంటె మిన్నయైన గుణ మింకొకటి గలదు. ప్రతి మాడ్యూలు తన తప్పులను తానే లెక్కించుకొనుచు, పంపుటలో ఆ లెక్క 255 దాటినంతనే, తన వికారమువలన పరుల సంభాషణ చెడకుండ తనకు తాను తొలగిపోవును. కావున స్కానరునకు పలుకని మాడ్యూలు చచ్చినదే యని తలచుట న్యాయము కాదు. త్రోవ చెడుటచేత తొలగియున్న యారోగ్యవంతమైన మాడ్యూలు కూడ కావచ్చును.

వాననీరు త్రోవను చెరచు విధము నెమ్మదియైనది. తివాచీ క్రిందను, తలుపుల యడుగునను ఉన్న కప్లర్లలో తేమ నిలిచి, పిన్నుల నడుమనున్న వోల్టేజివలన రాగిని కొరికి, పచ్చని కిలుము పట్టించును. కిలుమునకు వారములు పట్టును, అందుచేతనే నీరారిన పిదప చాల దినములకు గాని జబ్బు బయటపడదు. త్రోవ చెడుటకు ఎలుకలు తీగలను కొరుకుట మరియొక ముఖ్య కారణము.

పరీక్షకు గొప్ప యంత్రము అక్కరలేదు, మల్టీమీటరు చాలును. బ్యాటరీ విప్పి, స్టీరింగు క్రిందనుండు పదునారు పిన్నుల సాకెట్టులో 6వ పిన్నునకును 14వ పిన్నునకును నడుమ నిరోధమును కొలువవలెను. బస్సు రెండు కొనలయందును 120 ఓముల నిరోధకములు ఒక్కొక్కటి యుండును గావున, అవి సమాంతరముగా కలిసి 60 చూపవలెను. 120 చూపినచో ఎచటనో తీగ తెగినదని గాని, ఒక కొన ఊడినదని గాని తెలిసికొనవచ్చును. సున్న దరిదాపుల చూపినచో రెండు తీగలును షార్టైనవి. షార్టైనప్పుడు మాడ్యూళ్ల కప్లర్లను ఒక్కొక్కటిగా విప్పుచు మీటరును గమనింపవలెను. దేనిని విప్పగనే సున్న పోవునో ఆ మాడ్యూలో, దానికి పోవు తీగయో దోషి. ఐతే కొన నిరోధకము సాధారణముగా ఏదో యొక మాడ్యూలు లోపలనే యుండును. దానిని విప్పినపుడు 120 కనబడుట సహజము గనుక వైరింగు పటమును ఎదుట పెట్టుకొనియే యీ పనికి పూనుకొనవలెను.

తీగ చెడినచోట కుళ్లిన భాగమును కోసి, క్రొత్త ముక్కను మునుపటివలెనే మెలివేసి అతికి, తడి చొరకుండ స్లీవు తొడుగవలెను. మెలి విడిచి తిన్నగా అతికినచో రొద మరల చొచ్చును. పిదప అనుమానమున్న మాడ్యూలునకు బ్యాటరీ సరఫరాయు, ఎర్తును, ఫ్యూజును సరిగా నున్నవో లేవో చూడవలెను. ఇవన్నియు నిర్దోషములై, తీగలమీద వోల్టులు సరిగా నుండియు మాట రానపుడు మాత్రమే ఇసిఎంను మార్చుట తగును. క్రొత్తది బిగించిన తరువాత దానికి ఆ బండి చాసిస్ నంబరును, తాళపుచెవి గుర్తును ప్రోగ్రాము చేయవలసియుండును, లేనిచో పెక్కు బండ్లలో ఇంజను స్టార్టు కాదు.