డబ్బా మీద 70, అద్దం మీద 49

కార్ డెకార్స్ షాపులో సన్ ఫిల్మ్ చుట్ట విప్పుతూ "ఇది డెబ్భై పర్సెంట్ సార్, పోలీసులు పట్టుకోరు" అంటారు. ఆ డెబ్భై దేనిదో మాత్రం చెప్పరు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 100వ నిబంధన చూడండి. ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం వెలుతురు పోవాలి. పక్క అద్దాలకు 50 చాలు. ఇది ఫిల్మ్ లెక్క కాదు, అద్దం లెక్క. కంపెనీ బిగించిన పక్క అద్దం 70 శాతం వెలుతురే వదులుతుందనుకోండి. దానికి 70 శాతం ఫిల్మ్ అతికిస్తే, ఆ డెబ్భైలో మళ్లీ డెబ్భై శాతమే లోపలికొస్తుంది. అంటే 49. హద్దు తప్పినట్టే. అద్దం 80దైతే అదే ఫిల్మ్‌తో 56 వస్తుంది, గట్టెక్కుతారు.

అసలు ఫిల్మ్ అతికించొచ్చా అన్నది వేరే పేచీ. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు కుదరదంది. శాతం ఎంతైనా నల్ల ఫిల్మ్ గానీ, మరే పదార్థం గానీ అద్దాల మీద ఉండకూడదంది. నల్లద్దాల చాటున నేరాలు జరుగుతున్నాయన్నది పిటిషనర్ వాదన. తయారీలోనే రంగు కలిసిన అద్దం 70-50 లెక్కకు సరిపోతే ఇబ్బంది లేదు. షోరూం నుంచి వచ్చే లేతాకుపచ్చ అద్దాల జోలికి ఎవరూ రానిది అందుకే. 2022లో హైదరాబాద్ పోలీసులు సినిమా హీరోల కార్లనూ ఆపి ఫిల్మ్ పీకించారు.

2021 ఏప్రిల్ నుంచి నిబంధనే మారింది. సేఫ్టీ గ్లాస్‌తో పాటు, లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉండే 'సేఫ్టీ గ్లేజింగ్' కూడా అందులో చేరింది. దీన్ని పట్టుకునే 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, 70-50కి తగ్గనంతవరకు యజమాని ఫిల్మ్ వేయించుకోవచ్చని తీర్పిచ్చింది. నా మటుకు అది సబబైన తీర్పే. కానీ కేరళ దాటితే దానికి అంత పట్టు లేదు. విజయవాడలో ఆపిన ఎస్సై 2012 తీర్పు ఎత్తితే, నడిరోడ్డు మీద న్యాయశాస్త్రం వాదించి నెగ్గలేం.

ఎండ బాధకే అయితే ముదురు రంగు అక్కర్లేదు. సూర్యుడి వేడిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. వాటిని ఆపే లేత ఫిల్ములు దొరుకుతున్నాయి, ధర ఎక్కువ. వేయించుకుంటే, అతికించాక అద్దాన్ని మీటర్‌తో కొలిపించి, ఆ అంకె బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి నసిగే షాపులో ఫిల్మ్ కొనకండి.