తలలు లెక్కపెట్టడానికో ఎమ్మేనా!

'జనాభా లెక్కలకి టీచర్లు వస్తారుగా, దానికో పీజీ ఎందుకూ?'... డెమోగ్రఫీ చదువుతానన్న పిల్లలకి ఇంట్లో ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. నిజానికి తలలు లెక్కపెట్టడం కాదు, ఆ లెక్కని ఎంతవరకూ నమ్మాలో తేల్చడమే ఈ చదువు.

2020లో కేరళలో ప్రతి వెయ్యిమందికీ ఏడుగురు చనిపోయారు. బీహార్‌లో ఆ సంఖ్య 5.4 మాత్రమే. రెండూ కేంద్రప్రభుత్వ నమూనా సర్వే చెప్పిన అంకెలే. మరైతే కేరళవాళ్లంతా మూటాముల్లే సర్దుకుని బీహార్ వెళ్లిపోవాలా? అక్కర్లేదు. అదే సంవత్సరం, ఏడాది నిండకుండానే కన్నుమూసిన పసివాళ్లు వెయ్యికి కేరళలో ఆరుగురైతే బీహార్‌లో 27 మంది. కిటుకంతా వయసులో ఉంది. కేరళలో పెద్దవాళ్లు ఎక్కువ కాబట్టి మరణాలూ ఎక్కువ కనిపిస్తాయి. రెండుచోట్లా అన్ని వయసులవాళ్లూ ఒకే పాళ్లలో ఉంటే ఏమయ్యేదో లెక్కకట్టి, అప్పుడు పోల్చాలి. డెమోగ్రఫీ విద్యార్థులు మొదట్లోనే నేర్చుకునే పాఠమిది.

ఈ శాస్త్రానికి తొలి అడుగు వేసింది ప్రొఫెసరు కాదు, లండన్‌లో బట్టల వ్యాపారి. జాన్ గ్రాంట్ అనే ఆయన చర్చీల మరణాల పట్టీలు ముందేసుకుని 1662లో ఓ పుస్తకం రాశాడు. ఆడపిల్లలకన్నా మగపిల్లలు కాస్త ఎక్కువగా పుడతారని అంకెలతో చూపించిందీ ఆయనే.

వయసెంత బామ్మా?

జనగణన పట్టికల్లో ఓ వింత ఉంటుంది. 30, 35, 40, 45 ఏళ్లవాళ్లు కుప్పలుగా కనిపిస్తారు. 31, 39, 41 దగ్గర జనం ఉన్నట్టుండి తగ్గిపోతారు. పుట్టినతేదీ తెలియనివాళ్లు 'ఓ నలభై ఉంటాయి రాసుకో నాయనా' అంటారు మరి! ఆ సర్దుబాటు ఎంత ఉందో కొలవడానికి విపుల్ సూచీ అనే సూత్రం ఉంది. సర్వేలకి వెళ్లినప్పుడు మరో చిట్కా వాడతారు. వయసు అడగరు, జ్ఞాపకం అడుగుతారు. 'దివిసీమ ఉప్పెన నాటికి నీకు పెళ్లయిందా? పెద్దాడు అప్పటికి నడుస్తున్నాడా?' అంటే చాలు. 1977 నుంచి వెనక్కో ముందుకో లెక్కేసుకోవచ్చు.

అంతకన్నా కష్టమైన ప్రశ్న ఇంకోటి ఉంది. 'ఎంతమంది పిల్లలమ్మా?' అంటే చాలామంది తల్లులు బతికున్నవాళ్లనే చెబుతారు. పురిట్లోనే పోయిన బిడ్డని పైకి చెప్పరు. అందుకే ఆ ప్రశ్నని ముక్కలు చేస్తారు. ఇంట్లో ఉన్నవాళ్లెందరు, వేరేచోట ఉంటున్నవాళ్లెందరు, పుట్టాక పోయినవాళ్లెవరైనా ఉన్నారా, కనీసం ఒక్కసారి ఏడ్చి ఆగిపోయిన బిడ్డ ఉందా... ఈ చివరి ప్రశ్న ఎలా అడగాలో, అడిగాక ఎంతసేపు మౌనంగా ఉండాలో ఏ సాఫ్ట్‌వేరూ నేర్పదు. కానీ ఆ జవాబు లేకపోతే ఆ బిడ్డ ఏ లెక్కలోనూ ఉండదు. మరణాల నమోదు సరిగా లేని ఆఫ్రికా దేశాల్లో పనిచేసిన విలియం బ్రాస్ అనే స్కాటిష్ శాస్త్రవేత్త, ఎందరు పుట్టారు, ఎందరు మిగిలారు అన్న రెండు ప్రశ్నలతోనే పసివాళ్ల మరణాలను అంచనా వేసే దారి కనిపెట్టాడు. ఎమ్మే విద్యార్థులు ఇప్పటికీ ఆ పద్ధతితో కుస్తీ పడుతుంటారు.

మన లెక్క మారింది

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992-93లో ఒక్కో మహిళకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి అది ఆంధ్రప్రదేశ్‌లో 1.7కీ, తెలంగాణలో 1.8కీ దిగింది. తల్లిదండ్రుల స్థానాన్ని పిల్లలు భర్తీ చేయాలంటే సుమారు 2.1 ఉండాలి. అయినా జనాభా వెంటనే తగ్గదు. గతంలో ఎక్కువగా పుట్టిన ఆడపిల్లలు ఇప్పుడు తల్లులవుతున్నారు కాబట్టి, తలా ఒకరిద్దర్నే కన్నా మొత్తం జననాలు చాలాకాలం మరణాలకన్నా ఎక్కువగానే ఉంటాయి. బ్రేకు వేసినా రైలు కొంతదూరం వెళుతుంది కదా, అలాగన్నమాట. ఇద్దరికన్నా ఎక్కువమంది ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి నిబంధనని ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసిందంటే, దాని వెనకున్నవి ఈ అంకెలే.

2021లో జరగాల్సిన జనగణన కరోనాతో ఆగిపోయింది. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరుపుతామని కేంద్రం 2025లో ప్రకటించింది. 2011 నుంచి ఇన్నేళ్లూ బడులైనా రేషనైనా నడిచింది పాత లెక్కలూ, వాటిమీద కట్టిన అంచనాలతోనే. అంచనా తప్పితే బియ్యం అందనిది ఎవరికో వేరే చెప్పాలా!

ఎక్కడ చదవాలి?

దేశంలో ఈ చదువుకి పెద్దదిక్కు ముంబయి దేవనార్‌లోని అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థ. 1956లో మొదలైంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలకు సారథ్యం వహించింది ఇదే. ఆసియా, ఆఫ్రికా దేశాల నుంచీ విద్యార్థులు వస్తుంటారు. అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం, సామాజికశాస్త్రం, భూగోళం చదివినవాళ్లు ఒకే బెంచీమీద కూర్చుంటారు. మన దగ్గర తిరుపతి శ్రీవేంకటేశ్వర, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయాలకి ఈ రంగంలో దశాబ్దాల అనుబంధం ఉంది. తెలుగువాళ్లకిది కొత్తేమీ కాదు. రాజమండ్రిలో పుట్టిన జనాభా శాస్త్రవేత్త శ్రీపతి చంద్రశేఖర్ 1967లో ఏకంగా కేంద్ర ఆరోగ్య, కుటుంబ నియంత్రణ మంత్రి అయ్యారు.

ఉద్యోగాలంటారా... సర్వే, పరిశోధన సంస్థలూ, ప్రభుత్వ గణాంక, ఆరోగ్య శాఖలూ, ఐక్యరాజ్యసమితి సంస్థలూ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చుకుంటే మాత్రం నిరాశే. పైగా కంప్యూటర్ ముందు కూర్చున్నంతసేపూ ఎండలో ఊళ్లు తిరగాల్సి రావచ్చు. లెక్కలంటే దడ ఉన్నవాళ్లు చేరేముందు గణాంకశాస్త్రం తొలి పాఠాలు ఓసారి తిరగేసుకోవడం మంచిది. ఇక బామ్మలతో కబుర్లు చెప్పడం ఇష్టమైతే సగం పని అయినట్టే.