స్పెయిన్ వైన్లు: డిగ్రీకి ధర ఉన్నది, రుచికి లేదు
చౌక సీసాల ఎంపికకు మచ్చు పరీక్షే శరణ్యం

ద్రాక్షతోటల విస్తీర్ణంలో ప్రపంచంలో స్పెయిన్‌ది ప్రథమ స్థానం. 2023లో అక్కడ 9 లక్షల హెక్టార్లకు పైగా తోటలున్నాయి. వానలు తక్కువ కావడం, మొక్కలను ఎడంగా నాటడం వల్ల హెక్టారుకు దిగుబడి తక్కువ. అందుకే ఉత్పత్తిలో ఇటలీ, ఫ్రాన్స్‌లదే సాధారణంగా పైచేయి. అయినా ఎగుమతికి సరకు దండిగా ఉంటుంది, ధర ఫ్రాన్స్ సరకుకన్నా అందుబాటులో ఉంటుంది. తక్కువ ఖర్చులో వైన్ కొనదలచినవారి చూపు సహజంగానే స్పెయిన్ మీద పడుతుంది. చిక్కల్లా ఏ సీసా తన ధరకు తగినదో తేల్చుకోవడంలోనే ఉన్నది.

టోకు ధర కట్టే పద్ధతి

దేశపు ఉత్పత్తిలో దాదాపు సగం కాస్తియా-లా మాంచా ప్రాంతం నుంచే వస్తుంది. అక్కడి సరకు మార్కెట్లలో విడి వైన్ ధరను 'హెక్టోగ్రాడో' లెక్కన చెబుతారు. అంటే 100 లీటర్ల వైన్‌లో ఒక్కొక్క డిగ్రీ ఆల్కహాలుకు ఇంత అని ధర. ఉదాహరణకు హెక్టోగ్రాడో 4 యూరోలు పలికిందనుకుంటే, 12 డిగ్రీల వైన్ 100 లీటర్లకు 48 యూరోలవుతుంది. ఆ లెక్కన 750 మిల్లీలీటర్ల సీసాలో పట్టే సరకు విలువ 36 సెంట్లు మాత్రమే.

సీసా, బిరడా, లేబులు, అట్టపెట్టె, రవాణా ఖర్చులు చౌక సరకుకైనా ఖరీదైన సరకుకైనా ఇంచుమించు ఒక్కటే. స్పెయిన్‌లో వైన్‌పై ఎక్సైజు సుంకం లేదు, విలువ ఆధారిత పన్ను మాత్రం 21 శాతం ఉన్నది. కనుక 2 యూరోల సీసాకు బదులు 4 యూరోల సీసా తీసుకుంటే, అదనపు సొమ్ములో ఎక్కువ భాగం లోపలి సరకు మీదకు పోయే వీలున్నది. పోతుందన్న పూచీ మాత్రం లేదు. డిగ్రీని కొలిచే సాధనం ఉన్నది గాని, రుచిని కొలిచే సాధనం లేదు.

లేబులు చెప్పేది వయసు

రియోహా ప్రాంతపు ఎర్ర వైన్లలో 'క్రియాన్సా' అంటే రెండేళ్లు నిలవ ఉంచినది. అందులో కనీసం ఒక ఏడాది ఓక్ కర్ర పీపాలో ఉండాలి. 'రెసెర్వా'కు మూడేళ్లు, 'గ్రాన్ రెసెర్వా'కు ఐదేళ్లు. నిలవ ఉంచని కొత్త సరకును 'హోవెన్' అంటారు. ఈ మాటలు వయసుకు హామీలే గాని రుచికి కావు.

పీపా లెక్క కూడా గమనించదగినది. రియోహా పీపాలో 225 లీటర్లు, అంటే 300 సీసాల సరకు పడుతుంది. కొత్త పీపా 600 యూరోలనుకుంటే, తొలి నింపకంలో సీసాకు 2 యూరోల భారం పడుతుంది. కాబట్టి మరీ చౌకగా దొరికే క్రియాన్సా చాలావరకు పలుమార్లు వాడిన పీపాలో ఉన్నదేనని అనుకోవాలి. అదే ధరకు హోవెన్ కొంటే సొమ్ము పీపాకు గాక పండుకు పోవచ్చు.

మచ్చు పరీక్ష ఇలా

ఈ సందేహం తీర్చుకోవడానికి మిత్రులు కలిసి తలా కొంత వేసుకుని ఐదారు సీసాలు తెప్పించుకోవడం మంచి పద్ధతి. ఒక సీసా నుంచి 50 మిల్లీలీటర్ల మచ్చులు 15 వస్తాయి. పదిమందికి ఒక్కొక్క రకం ఒక సీసా చాలు. ముందుగా ధరకు హద్దు పెట్టుకోవాలి. 5 యూరోల సీసాను 15 యూరోల సీసాతో పోల్చి లాభం లేదు.

సీసాలకు కాగితపు సంచులు తొడిగి అంకెలు వేయాలి. గ్లాసులన్నీ ఒకే రకంవి ఉండాలి. తెల్ల వైన్లు 8–10 డిగ్రీల సెంటీగ్రేడు, ఎర్రవి 16 డిగ్రీల దగ్గర ఉంచి, తెల్లవి ముందు, లేత ఎర్రవి తర్వాత, పీపా సరకు చివర రుచి చూడాలి. నడుమ రొట్టెముక్క, మంచినీళ్లు తీసుకోవాలి. మచ్చును పుక్కిలించి ఉమ్మివేయడమే వృత్తిదారుల ఆచారం. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరి మార్కులు వారు రాసుకునేదాకా నోరు విప్పరాదు. మొదట గట్టిగా మాట్లాడినవాని మాటకే తక్కినవారు తలూపడం సహజం.

పోలికకు తగిన రకాలు చాలానే ఉన్నాయి. రుయెదా ప్రాంతపు వెర్దెహో తెల్ల వైన్‌లో సోంపు వాసన లీలగా తగులుతుంది. కాంపో దె బోర్హా గార్నాచాలో పండిన ఎర్ర పళ్ల రుచి, హుమియా మొనాస్త్రెల్‌లో నేరేడును తలపించే ముదురు రుచి, వగరు ఉంటాయి. ఉతియెల్-రెకేనా బోబాల్‌కు చిక్కటి రంగు, పులుపు ఎక్కువ. వీటి పక్కన రియోహా టెంప్రనీయో పెడితే పేరుకు ఎంత, సరకుకు ఎంత చెల్లిస్తున్నదీ బయటపడుతుంది.

పేరు మూస్తే తీర్పు మారుతుంది

1979లో గో-మియో పత్రిక పారిస్‌లో జరిపిన పోటీలో, స్పెయిన్‌కు చెందిన టోరెస్ సంస్థ 1970 నాటి ఎర్ర వైన్ ఫ్రాన్స్‌లో పేరుమోసిన షాటో లాతూర్‌ను మించింది. 2008లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం 6 వేలకు పైగా రుచి పరీక్షలను పరిశీలించింది. ధర తెలియనప్పుడు, శిక్షణ లేని వారికి ఖరీదైన వైన్లు చౌక వైన్లకన్నా ఎక్కువగా నచ్చలేదని, కొంచెం తక్కువే నచ్చాయని తేల్చింది.

వర్తకులు గమనించవలసింది

హోవెన్ రకం ఎర్ర వైన్లు, తెల్ల వైన్లు చాలామటుకు ఏడాది, రెండేళ్లలో ఖర్చు కావలసినవి. పాత సంవత్సరం సరకు తగ్గింపు ధరకు వస్తే అది బేరం కాదు, గోడౌనులో ఇరుక్కునే పెట్టుబడి. సీసాపై పంట సంవత్సరం చూడనిదే కొనరాదు.

రైతుకు సంబంధించిన కోణమూ ఉన్నది. డిగ్రీకే ధర కట్టే చోట, దిగుబడి తగ్గినా రుచి పెరిగే ముదురు తోటకు ప్రతిఫలం దక్కదు. యూరోపియన్ సంఘం 2008 సంస్కరణల కింద మూడేళ్లపాటు తోటల తొలగింపుకు పరిహారమిచ్చినప్పుడు స్పెయిన్‌లో పెద్ద ఎత్తున తోటలు పోయాయి. పేరును గాక మచ్చును చూసి కొనే గిరాకీ పెరిగితేనే అంతగా పేరులేని ప్రాంతాల మంచి సరకుకు తగిన ధర వస్తుంది. కొనేవారికీ అదే లాభం.