బస్సు షెడ్డు నుంచి బోరు మోటారు దాకా: ఇంజనీరు జి.డి. నాయుడు

(ప్రత్యేక వ్యాసం)

కోసిగి, కర్నూలు జిల్లా: వర్షాధార సేద్యమే ప్రధానమైన కోసిగి మండలంలో బోరు మోటారు కాలిపోవడం రైతు కుటుంబానికి సామాన్యమైన విషయం కాదు. పైపులు పైకి లాగించి, మోటారును ఆదోనికో ఎమ్మిగనూరుకో చేర్చి, వైండింగు చేయించి తిరిగి దించేసరికి పైరుకు ఒకటి రెండు తడులు తప్పిపోతాయి. మూడు ఫేజులలో ఒకటి రాకపోయినా మోటారు తిరగడానికే ప్రయత్నిస్తుంది. మిగిలిన తీగలపై భారం పెరిగి, అవి వేడెక్కి, రాగి తీగపై ఉండే పూత కాలిపోతుంది. వైండింగు చేసే పనివాడు కాలిన చుట్టను విప్పి, చుట్లు ఎన్నో లెక్కపెట్టి, తీగ మందం కొలిచి, అదే లెక్కన కొత్త తీగ చుడతాడు. ఈ పనివారిలో అనేకులు పదవ తరగతి దాటనివారే.

భారతదేశంలో తొలి స్వదేశీ విద్యుత్ మోటారు 1937లో కోయంబత్తూరు సమీపంలోని పీలమేడులో తయారైంది. దాని తయారీకి కారకులైన ఇద్దరిలో ఒకరు జి.డి. నాయుడు. ఇంట తెలుగు మాట్లాడే కుటుంబంలో జన్మించిన ఆయన బడిలో చదివింది మూడవ తరగతి వరకు మాత్రమే. మోటారు వాహనాలు, విద్యుత్ పరికరాల రంగంలో తెలుగువారి కృషిని ప్రస్తావించే సందర్భాలలో ఈ పేరు తరచు మరుగున పడుతున్నందున, పాత్రికేయుల, అధికారుల సమాచారార్థం ఆయన జీవిత విశేషాలను ఇక్కడ పొందుపరచడమైనది.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు ప్రాంతంలోని కలంగల్ గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించారు. చదువుపై మనసు నిలవలేదు. పొలం పనుల్లో ఉన్న యువకుని దృష్టిని ఒకనాడు ఆ ఊరికి వచ్చిన ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలు ఆకర్షించింది. గుర్రం లేదు, ఎద్దు లేదు. బండి తనంతట తాను కదులుతోంది. దానిని కొనాలన్న పట్టుదలతో నాయుడు కోయంబత్తూరు చేరి ఒక హోటలులో వడ్డన పనికి కుదిరారు. కొన్నేళ్లు పైసా పైసా కూడబెట్టి ఆ వాహనాన్ని కొన్నారు. కొన్న తరువాత చేసిన మొదటి పని, దానిపై ఊరేగడం కాదు. ఏ భాగానికి ఆ భాగం విప్పి, మరల బిగించి చూశారు. ఆయన ఇంజనీరింగ్ విద్యకు ఇదే ప్రవేశ పరీక్ష అనుకోవచ్చు.

నడుమ కొంతకాలం పత్తి వ్యాపారంలో దిగి నష్టపోయారు. ఆ తరువాత 1920లో ఒకే ఒక బస్సుతో పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య ప్రయాణికులను చేరవేయడం ఆరంభించారు. యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పేరుతో పెరిగిన ఆ సంస్థకు 1933 నాటికి 280 బస్సులు సమకూరాయి. దేశంలోనే అత్యంత సమర్థంగా నడిచిన రవాణా సంస్థలలో ఒకటిగా దానికి పేరు వచ్చింది.

నాయుడు ఆవిష్కరణలను అర్థం చేసుకోవాలంటే ఈ బస్సుల లెక్క గుర్తుంచుకోవాలి. ఆయనను గురించి వ్రాసేవారు సాధారణంగా ‘భారతదేశపు ఎడిసన్’ అన్న బిరుదుతో మొదలుపెడతారు. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో ఆ బిరుదు ఆయనను ప్రయోగశాలలో కూర్చున్న మనిషిగా చూపుతుంది. ఆయన పుట్టుక షెడ్డులోనిది. 280 బస్సులు రోజూ సమయానికి బయలుదేరాలంటే ఇంజనులో ఎక్కడ లోపమున్నదీ, అది దారిలో ఆగకముందే తెలియాలి. యంత్రం అదురును బట్టి లోపాన్ని పసిగట్టే పరీక్షా సాధనాన్ని ఆయన రూపొందించారు. ప్రతి బస్సులో వసూలైన సొమ్ము, ఇచ్చిన టిక్కెట్లు సరిపోవాలి. అందుకు టిక్కెట్లు ఇచ్చే యంత్రాన్ని తయారుచేశారు. కోసిగి బస్టాండులో ఆర్టీసీ కండక్టరు చేతిలోని టిమ్ యంత్రం నుంచి టిక్కెట్టు చీలిరావడం ఈనాడు ఎవరూ ప్రత్యేకంగా గమనించరు. ఆ అవసరాన్ని దక్షిణాదిలో అంత ముందుగా గుర్తించిన బస్సు యజమాని ఆయన.

1930వ దశకంలో నాయుడు ఐరోపా దేశాలలో పర్యటించి అక్కడి కర్మాగారాలను పరిశీలించారు. జర్మనీలో చూసిన చిన్న మోటార్లు ఆయనకు కొత్త ఆలోచన ఇచ్చాయి. పొడి బ్యాటరీలతో నడిచే చిన్న మోటారును పిడిలో అమర్చి ‘రాసంట్’ అనే విద్యుత్ క్షౌర యంత్రాన్ని రూపొందించారు. అతి పలుచని క్షౌరపు బ్లేడ్లు, సినిమా కెమెరాలకు దూరాన్ని సరిచేసే అమరిక, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో నడిచే పంకా ఆయన ఆవిష్కరణలలో చెప్పుకోదగినవి. 1936లో బ్రిటిష్ రాజు ఐదవ జార్జి అంత్యక్రియలను తన కెమెరాతో స్వయంగా చిత్రీకరించారు. మద్రాసు రాష్ట్ర శాసనసభ ఎన్నికలలో స్వతంత్రునిగా నిలిచి ఓడిపోయారు. ఓట్లను తారుమారు చేయడానికి వీలులేని ఓటింగు యంత్రం కూడా ఆయన ఆవిష్కరణల జాబితాలో ఉంది. ఈ సందర్భంగా ఒక వివరణ అవసరం. దేశంలో నేడు వాడుకలో ఉన్న ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రాలు హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్., బెంగుళూరులోని బి.ఇ.ఎల్. సంస్థలు రూపొందించినవి. వాటిని తొలిసారి 1982లో కేరళలోని పరూరులో వాడారు. నాయుడు యంత్రానికీ వాటికీ సంబంధం కల్పించి వ్రాయడం సరికాదు.

ఇక మోటారు విషయం. నీలగిరులలోని పైకారా జల విద్యుత్ కేంద్రం 1930వ దశకం ఆరంభంలో పని మొదలుపెట్టడంతో కోయంబత్తూరు ప్రాంతానికి కరెంటు వచ్చింది. కరెంటు ఉన్నది, బావులున్నాయి, నూలు మిల్లులున్నాయి. వీటిని తిప్పే మోటార్లు మాత్రం ఓడలలో దిగుమతి కావలసి వచ్చేది. ఈ కొరతను గమనించిన నాయుడు, సాంకేతిక నిపుణుడు డి. బాలసుందరం నాయుడుతో కలిసి పీలమేడులో కర్మాగారం నెలకొల్పారు. అక్కడే 1937లో తొలి స్వదేశీ మోటారు రూపుదిద్దుకుంది. మోటారు సూత్రం చెప్పడానికి తేలిక: ఇనుప రేకుల దొంతరలోని గాళ్లలో రాగి తీగ చుట్టి కరెంటు పంపితే అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది, నడుమనున్న ఇరుసు దాని వెంట తిరుగుతుంది. చేయడం అంత తేలిక కాదు. రేకుల నాణ్యత, తీగపై పూత, ఇరుసుకూ చుట్టూ ఉన్న రేకులకూ మధ్య వెంట్రుకవాసి ఖాళీ, వీటిలో ఏ ఒక్కటి తప్పినా మోటారు వేడెక్కి కాలిపోతుంది. అంతటి పనితనం అవసరమైన వస్తువును ఇక్కడి పోతపోసేవారు, ఇక్కడి ఫిట్టర్లు చేయగలిగారన్నదే ఆనాటి అసలు వార్త. బాలసుందరం నాయుడు తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించారు. కోయంబత్తూరు పంపుసెట్లకు, మోటార్లకు దేశమంతటా పేరు రావడం ఆ తరువాతి చరిత్ర. రాయలసీమ బావుల మీదకూ ఆ ఊరి పంపులు చేరాయి.

ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే భారతదేశంలో తయారుచేయవచ్చునని నాయుడు 1941లో ప్రకటించారు. ట్రాన్సిస్టర్లు రాని రోజులవి. గాజు గొట్టంలో తీగను వేడిచేసి, వెలువడే ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని అదుపు చేయడం ద్వారా వాల్వు బలహీనమైన సంకేతాన్ని పెద్దది చేస్తుంది. రేడియో సంపన్నుల ఇంటి వస్తువుగా ఉన్న కాలంలో ఈ ధర చెప్పడమే సాహసం. 1952లో రెండు సీట్ల పెట్రోలు కారును 2,000 రూపాయల ధరకు అందించడానికి సిద్ధపడ్డారు. అయితే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వనందున దాని ఉత్పత్తి ఆగిపోయింది. పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1951లో వచ్చింది. ఏ వస్తువు ఎవరు ఎంత తయారుచేయాలో ప్రభుత్వ అనుమతి నిర్ణయించే కాలమది. పరిమితమైన విదేశీ మారకాన్ని పొదుపుగా వాడాలన్న ఉద్దేశం అందుకు కారణం కావచ్చు. ఆ ఉద్దేశాన్ని అంగీకరించినా, చవక కారు ఒకటి దస్త్రాలలోనే నిలిచిపోయిందన్నది వాస్తవం. ప్రభుత్వ శాఖలో పనిచేసేవాడిగా ఈ వాక్యం వ్రాయడం సులువు కాదు, కాని వదిలివేయడం న్యాయమూ కాదు.

అధిక పన్నుల విధింపుపైన కూడా ఆయన తీవ్రంగా నొచ్చుకున్నారు. 1950వ దశకంలో తన ఆవిష్కరణలలో కొన్నింటిని ప్రజల సమక్షంలో స్వయంగా ధ్వంసం చేసి నిరసన తెలిపారు. జీవితమంతా విప్పి బిగించడమే ఎరిగిన చేతులు పగలగొట్టడానికి పూనుకున్నాయి. ఆ చర్యను ఆనాడు మెచ్చినవారూ ఉన్నారు, తప్పుపట్టినవారూ ఉన్నారు.

ఆయన విరమణ కాలం ఇంకొక అధ్యాయం. 1944లో రవాణా వ్యాపార నిర్వహణ నుంచి తప్పుకొని, పరిశోధక విద్యార్థులకు ఉపకార వేతనాలు, ఉద్యోగులకూ అణగారిన వర్గాలకూ సంక్షేమ పథకాలు ప్రకటించారు. 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాసంస్థ ఏర్పడడంలో ముఖ్యపాత్ర వహించారు. నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల వెలిశాయి. ఆ కళాశాలే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. మూడవ తరగతితో బడి మానిన వ్యక్తి దానికి ప్రిన్సిపాలుగా వ్యవహరించడం గమనార్హం. అయితే ఆ పదవిలో ఆయన ఎక్కువ కాలం లేరు. నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువు కాలహరణమనీ, రెండేళ్లు చాలుననీ ఆయన వాదించారు. ప్రభుత్వం సమ్మతించలేదు. నాయుడు రాజీనామా చేశారు.

ఈ వాదనలో ఎవరిది ఒప్పు అన్న ప్రశ్నకు ఆర్ట్స్ పట్టభద్రుడైన ఈ వ్యాసకర్త తీర్పు చెప్పలేడు. వంతెన కట్టేవారికి గణితం కావాలి, దానికి ఏళ్లు పడతాయి. అయినా కోసిగిలాంటి చోట పంట పోయిన ఏడాది కుటుంబంతో గుంటూరు వైపు మిరపకోతలకు వలసపోయే పిల్లవానికి నాలుగేళ్ల కోర్సు ఒక సంగతి, చేతికి పని నేర్పే కొద్ది నెలల కోర్సు వేరొక సంగతి. ఆ పిల్లవాని తండ్రి అడిగే ప్రశ్న, 1945లో నాయుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: పని చేతికి వచ్చేది ఎప్పుడు?

నాయుడు 1974 జనవరి 4న కన్నుమూశారు. ఆయన పేరిట ఉన్న ధర్మసంస్థ ఆధ్వర్యంలో కోయంబత్తూరులో ఆయన సేకరించిన, తయారుచేసిన వస్తువుల ప్రదర్శన నడుస్తోంది. 2015లో పాతకాలపు కార్ల మ్యూజియం కూడా తోడైంది. అవినాశి రోడ్డుపై నిర్మించిన సుమారు పది కిలోమీటర్ల పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వం 2025 అక్టోబరులో ఆయన పేరు పెట్టింది.

పత్రికలవారికి మనవి: తొలి మోటారును ప్రస్తావించే సందర్భంలో డి. బాలసుందరం నాయుడు పేరును కూడా తప్పక చేర్చగలరు. ఇద్దరూ నాయుళ్లే కావడంతో ఇద్దరినీ ఒక్కరిగా ముద్రించడం తరచు జరుగుతోంది.