హాస్టల్‌లో చేరుతున్నారా? పరుపు కొనే ముందు ఇవి తెలుసుకోండి

కౌన్సెలింగ్ పూర్తయి కాలేజీలో సీటు ఖరారైతే, ఇంట్లో హాస్టల్ సామాను కొనే హడావిడి మొదలవుతుంది. బకెట్, మగ్గు లాంటివి మరిచిపోయినా కాలేజీ ఎదురుగానే దొరుకుతాయి. డబ్బు వృథా అయ్యేది పరుపు దగ్గర. ఇబ్బంది వచ్చేది దుప్పట్ల దగ్గర.

వార్డెన్‌ను ఏం అడగాలి?

కొన్ని ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లలో దుప్పట్లు, కార్పెట్లు ఇస్తారు. చాలా కాలేజీ హాస్టళ్లలో మంచం మాత్రమే ఉంటుంది. అందుకే చేరే ముందే ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి. పరుపు వాళ్లే ఇస్తారా? మంచం పొడవు, వెడల్పు ఎంత? మామూలు మంచమా, బంకర్ బెడ్డా? షాపుల్లో సింగిల్ పరుపులు ఎక్కువగా 72×30, 72×36, 75×36 అంగుళాల్లో దొరుకుతాయి. 30 అంగుళాల మంచం మీద 36 అంగుళాల పరుపు వేస్తే అంచు కిందికి వేలాడుతుంది.

ఏ పరుపు మంచిది?

దూది పరుపు వేసవిలో హాయిగా ఉంటుంది. గడ్డకడితే దూది ఏకించి మళ్లీ కుట్టించుకోవచ్చు. కానీ బరువెక్కువ, తేమ పీల్చుకుంటుంది, తరచూ ఎండలో వేయాలి. మూడో అంతస్తు గది నుంచి డాబా మీదికి మోసుకెళ్లేవారు తక్కువే. కొబ్బరి పీచు పరుపు గట్టిగా ఉంటుంది, మడత పడదు. మూడు మడతల ఫోమ్ పరుపు కాస్త వేడిగా ఉన్నా తేలిక. సెలవులకు గది ఖాళీ చేయాల్సి వస్తే తీసుకెళ్లడం సులువు. మూడు, నాలుగు అంగుళాల మందం సరిపోతుంది. బంకర్ బెడ్ పై అంతస్తులో మందపాటి పరుపు వేస్తే పక్కనున్న కడ్డీ ఎత్తు తగ్గిపోయి, నిద్రలో కింద పడే ప్రమాదం ఉంది.

దుప్పట్లు ఎన్ని?

పరుపు మీద వేసుకునేవి కనీసం రెండు, దిండు గలీబులు రెండు, కప్పుకోవడానికి ఒకటి. నూలువైతే మేలు. 60×90 అంగుళాల బెడ్‌షీట్‌ను 72×36 కొలతలో నాలుగంగుళాల మందమున్న పరుపు మీద వేస్తే, అటూ ఇటూ ఎనిమిదేసి అంగుళాలు లోపలికి దోపుకోవచ్చు. వానాకాలంలో మందపాటి రగ్గు ఓ పట్టాన ఆరదు. ఆదిలాబాద్, పాడేరు లాంటి చలి ప్రాంతాల్లో చదివేవారు రగ్గు తీసుకెళ్లాల్సిందే. మిగతావారికి పల్చటి దుప్పటి చాలు, చలికాలంలో ఇంటి నుంచి ఇంకొకటి తెచ్చుకోవచ్చు.

రెండో దుప్పటి ఎందుకంత ముఖ్యం?

ఒక్కటే ఉంటే, దాన్ని ఉతికిన రోజు పక్క మంచం దుప్పటి పంచుకోవాల్సి వస్తుంది. హాస్టళ్లలో గజ్జి పాకే దారుల్లో ఇదొకటి. మొదటిసారి సోకినవారికి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. ఈలోపే అది గదంతా పాకుతుంది. రాత్రిపూట దురద ఎక్కువైతే సిగ్గుపడకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి. దురద లేకపోయినా గదిలోని వారంతా ఒకేసారి మందు వాడాలి. దుప్పట్లు, బట్టలు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకడానికి వీల్లేనివి ప్లాస్టిక్ సంచిలో కట్టి వారం రోజులు పక్కన పెడితే చాలు. మనిషి ఒంటి మీద లేకపోతే ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు.

సీనియర్ల పరుపు చవగ్గా వస్తే?

కుట్లు, మడతలు విప్పి చూడండి. నల్లటి చుక్కలు, చిన్న రక్తపు మరకలు ఉంటే నల్లులున్నట్టే. ఎండలో వేస్తే కొన్ని తగ్గుతాయి తప్ప పూర్తిగా పోవు. అలాంటి పరుపు ఊరికే ఇచ్చినా వద్దు.

దోమతెర కావాలా?

కావాలి. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడూ వాడండి. తాళ్లు ఫ్యానుకు దూరంగా మంచం కోళ్లకే కట్టండి.

మొత్తమ్మీద, పరుపు మీద కొంత తగ్గించుకున్నా ఫర్వాలేదు. ఆ మిగిలిన డబ్బుతో రెండో దుప్పటి, దోమతెర కొనండి. ఇంటి నుంచి బయల్దేరే ముందు అన్నిటి మీదా చెరగని ఇంకుతో పేరు రాయడం మరవకండి.