కోటు వేసుకోని వకీళ్లు

శుక్రవారం ఉమ్ సలాల్‌లో ఏ గదిలో కూర్చున్నా మనవాళ్ల నోట ఊరి కబుర్లే. పెళ్లిళ్లు, పంటలు, అప్పులు. వాటి మధ్య గొంతు తగ్గించి చెప్పే కబురు ఒకటుంటుంది: "తమ్ముని మీద కేసు పడ్డదన్నా, జైల్ల ఏసిండ్రు. వకీలుకు పైసలు పంపాలె." ఆ నెల జీతం అటే పోతుంది. చాలకపోతే వడ్డీకి తేవాలి. అందుకే ఈ వారం ఈ సంగతి రాస్తున్నాం.

జైల్లో ఉన్న మనిషికి ఉచితంగా వకీలును ఇవ్వడం సర్కారు దయ కాదు, అతని హక్కు. బీహార్ జైళ్లలో విచారణ లేకుండా ఏళ్ల తరబడి మగ్గినవాళ్ల కోసం వచ్చిన హుస్సేనారా ఖాతూన్ కేసులో 1979లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయం ఎంతో కూడా చూడరు.

వకీలు దొరికినా, కాగితాలు ఓపిగ్గా చదివే మనిషి కావాలి. అక్కడే లా విద్యార్థులు అక్కరకొస్తారు. బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం ప్రతి లా కాలేజీ న్యాయ సహాయ కేంద్రం నడపాలి. శామీర్‌పేట నల్సార్‌కైనా, ఉస్మానియాకైనా అదే నియమం.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లా విద్యార్థులు సీనియర్ వకీలు పర్యవేక్షణలో పేదల తరఫున జడ్జి ముందు నిలబడి వాదిస్తారు. మన దగ్గర వాదించే హక్కు, 1961 చట్టం ప్రకారం, పేరు నమోదైన వకీళ్లదే. కానీ వాదనకు ముందు పని చాలా ఉంటుంది. ఖైదీతో మాట్లాడటం, ఎఫ్ఐఆర్ చదవటం, రోజులు లెక్కపెట్టటం.

రోజుల లెక్క చిన్న విషయం కాదు. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయకపోతే బెయిలు అడిగే హక్కు వస్తుంది. అడగకముందే చార్జిషీటు పడితే ఆ హక్కు పోయినట్టే. ఆ తేదీని పట్టుకుని వకీలుకు గుర్తుచేసే కుర్రాడు ఒక కుటుంబాన్ని నిలబెట్టినట్టే. వాడికీ పుస్తకంలోని సెక్షన్ వెనక మనిషి ముఖం కనబడుతుంది.

కాబట్టి అప్పు చేసే ముందు ఇంటివాళ్లతో 15100కు ఫోన్ చేయించండి. లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు పంపండి. పోలీస్ స్టేషన్ పేరు, ఎఫ్ఐఆర్ నంబరు, ఏ జైలో, అరెస్టయిన తేదీ రాసిపెట్టుకుని వెళ్లమనండి.

ఇక్కడ ఖతార్‌లోనే కేసు పడితే దారి వేరు. కోర్టు భాష అరబీ. దుబాసీని అడగండి, అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి, మన ఎంబసీకి కబురు చేయండి.

పక్క గదిలో ఎవరైనా ఇలాంటి బాధలో ఉంటే, ఈ పేజీ చదివి వినిపించండి.